తొమ్మిదో తరగతి గదిలో సముద్రం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పరీక్షల తేదీలు, సంక్రాంతి సెలవుల వివరాలు పిల్లల డైరీల్లో రాయించాం. అందుకే ఈ నెల లేఖంతా ఒక్క విషయానికే ఉంచుకున్నాను.

ఆగస్టు నుంచి శనివారాల్లో చివరి రెండు పీరియడ్లకు నలుగురు పీజీ విద్యార్థులు మన తొమ్మిదో తరగతికి వస్తున్నారు. ఇద్దరిది జువాలజీ, ఇద్దరిది ఆక్వాకల్చర్. మన సైన్స్ టీచర్‌తో కలిసి పిల్లలకు సముద్రం గురించి చెబుతున్నారు. గుంటూరులో సముద్రం పాఠం ఏమిటని కొందరు అడిగారు. సూర్యలంక బీచ్ ఇక్కడికి గంటన్నర ప్రయాణం. రొయ్యల ఇగురు వండని ఇల్లు మన వీధుల్లో తక్కువే. అయినా బడి తెరిచిన కొత్తలో పిల్లలను అడిగితే, సముద్రం అంటే కార్తీక స్నానం, ఆదివారం పిక్నిక్ అన్నారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు నిజాంపట్నం మరబోట్లు వేటకు ఎందుకు వెళ్లవో ఒక్కరూ చెప్పలేకపోయారు. అది చేపలు గుడ్లు పెట్టే కాలమని, అందుకే వేట ఆపుతారని తెలిశాక, అంత దగ్గరి సంగతి మనకెవరూ చెప్పలేదేమని నన్నే అడిగారు.

మొదటి శనివారం బాగా జరగలేదు. పాపం, వచ్చినవాళ్లు రాత్రంతా కూర్చుని స్లైడ్లు తయారుచేసుకొచ్చి, నలభై నిమిషాలు ఇంగ్లీషులో చెప్పారు. పిల్లలు గుడ్లప్పగించి చూస్తూ ఉండిపోయారు. ఆ సాయంత్రం మన టీచర్ వాళ్లను కూర్చోబెట్టి ఒకటే చెప్పారు: ముందు పిల్లల చేతిలో ఏదైనా పెట్టండి, మాటలు తర్వాత వస్తాయి.

తర్వాతి వారం లీటరు నీళ్లకు 35 గ్రాముల ఉప్పు కలిపించారు. సముద్రంలో ఉప్పు సుమారుగా అంతే. ఆ నీటికి నీలం రంగు వేసి, దాని మీద ఎర్ర రంగు వేసిన కుళాయి నీళ్లను చెంచా ఆసరాతో మెల్లగా పోయించారు. ఎర్ర నీళ్లు పైనే నిలిచాయి. హంసలదీవి దగ్గర కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట కూడా మంచినీరు తేలికగా పైన ఉంటుందని, బరువైన ఉప్పునీరు అడుగున చేరుతుందని, నదిలో ప్రవాహం తగ్గితే ఆ ఉప్పునీరే ఎగువకు పాకుతుందని అప్పుడు చెప్పారు. ఆ రోజే 'మేడం' పోయి 'అక్కా', 'సార్' పోయి 'అన్నా' వచ్చాయి.

తర్వాత పండుగప్ప పాఠం వచ్చింది. ఆ చేప ఉప్పునీటిలోనూ బతుకుతుంది, మంచినీటిలోనూ బతుకుతుంది. సముద్రంలో ఉన్నప్పుడు ఒంట్లోని నీరు బయటికి పోతూ ఉంటుంది కాబట్టి ఉప్పునీళ్లే తాగి, ఎక్కువైన ఉప్పును మొప్పల ద్వారా బయటికి పంపుతుంది. నదిలోకి వస్తే పని తిరగబడుతుంది. అంతకంటే పిల్లలను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి: ఆ చేప సాధారణంగా మొదట మగచేపగా పెరిగి, కొన్నేళ్ల తర్వాత ఆడచేపగా మారుతుంది. "మారాల్సిన సమయం వచ్చిందని దానికెలా తెలుస్తుంది అక్కా?" అని వెనక బెంచీ అమ్మాయి అడిగింది. "నాకు తెలియదు. చదివి వచ్చే వారం చెబుతాను" అంది ఆ పీజీ విద్యార్థిని. వచ్చే వారం నాలుగు కాగితాలతో వచ్చి, శాస్త్రవేత్తలు కూడా దీని మీద ఇంకా పనిచేస్తున్నారని చెప్పింది. నేను ఆ రోజు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. ఇరవై ఏళ్లు దాటి, పీజీ చదువుతున్న మనిషి తెలియదని చెప్పి, వెతికి, తిరిగి రావడం మన పిల్లలు కళ్లారా చూశారు. నాకు ఈ కార్యక్రమం కావాలనిపించింది అందుకే.

ఇది మనం కనిపెట్టినదేమీ కాదు. అమెరికాలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 1999లో ఒక పథకం మొదలుపెట్టి, పరిశోధన చేసే విద్యార్థులకు ఫెలోషిప్ ఇచ్చి బడులకు పంపింది. అక్కడ కూడా టీచర్ బదులు కాదు, టీచర్ పక్కన. మన దగ్గర కూడా టీచర్ లేకుండా ఒక్క పీరియడ్ కూడా జరగదు.

నవంబరులో మన విద్యార్థి తల్లిగారు ఒకరిని క్లాసుకు పిలిచాం. ఆవిడ చేపల వ్యాపారం చేస్తారు. వంజరం, చందువ, కానాగంతలు, మాగ వరుసగా పెట్టి, మొప్ప ఎత్తి ఎర్రగా ఉంటేనే తాజా అని చూపించారు. ఆ ఎరుపు రక్తానిదని, నీటిలోని ఆక్సిజన్ అక్కడే రక్తంలోకి చేరుతుందని మన పీజీ అన్న వివరించాడు. పొలుసు మైక్రోస్కోప్ కింద పెడితే చెట్టు కాండంలోలా వలయాలు కనిపించాయి. ఆవిడ కూడా చూశారు. ఇన్నేళ్లుగా గీకి పారేస్తున్నానే అన్నారు. ఆవిడ కొడుకు ముఖం ఆ రోజు వెలిగిపోయింది.

"మావాడు ఎంపీసీ తీసుకుంటాడు మేడం, చేపలెందుకు?" అని ఒక నాన్నగారు ఫోన్ చేశారు. ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ రంగునీళ్ల ప్రయోగం సాంద్రత పాఠం. పండుగప్పది ద్రవాభిసరణ, అంటే పలుచని పొర గుండా నీరు ఉప్పు ఎక్కువున్న వైపుకు వెళ్లడం. రెండూ పిల్లలు ఎలాగూ నేర్చుకోవాల్సినవే, ఈ దారిలో నేర్చుకుంటే గుర్తుంటాయి. శనివారాలు ఆపే ఆలోచన నాకు లేదు.

ఫిబ్రవరిలో పిల్లలను ఒక రోజు సూర్యలంక తీసుకెళ్తున్నాం. అది ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే కాలం. ఒక్కో గూటిలో సుమారు వంద గుడ్లుంటాయి, పిల్ల ఆడదా మగదా అన్నది ఇసుక వేడిని బట్టి ఉంటుంది. అందుకే పిల్లలు థర్మామీటర్లు తెచ్చి ఎండలో, నీడలో, జానెడు లోతున ఇసుక వేడి కొలుస్తారు. గూళ్ల జోలికి వెళ్లరు. ఎవరినీ నీళ్లలోకి దిగనివ్వం, ఇందులో మినహాయింపు లేదు. టోపీ, మంచినీళ్ల సీసా, టిఫిన్ బాక్సు ఇచ్చి పంపండి. తోడుగా రాగలిగిన తల్లిదండ్రులు నలుగురు కావాలి, ఈత వచ్చినవారైతే మరీ మంచిది. డైరీలో ఉన్న అనుమతి పత్రం మీద సంతకం చేసి, సెలవుల తర్వాత మొదటి శుక్రవారంలోగా క్లాస్ టీచర్‌కు అందేలా చూడండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు