సొంత వీపీఎన్: చెప్పకుండా వదిలేస్తున్న సగం

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లోని డెస్క్‌టాప్‌నే వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా రహస్య దారి కల్పించే ఏర్పాటు) సర్వర్‌గా మార్చుకుని, ఎక్కడినుంచైనా అందులోని ఫైళ్లను సురక్షితంగా అందుకోవడం ఎలాగో చెప్పే వ్యాసాలు సాధారణంగా ‘ఇన్‌స్టాల్ పూర్తయింది’ అన్న సందేశం దగ్గరే ఆగిపోతాయి. చిక్కులన్నీ ఆ తర్వాతే మొదలవుతాయి కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నిజానికి ఇన్‌స్టాల్ చేయడం ఇప్పుడు పెద్ద పని కాదు. 2020లో లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్ 5.6లో చేరిన వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్‌కు విండోస్, మ్యాక్‌లలోనూ ఉచిత యాప్‌లు ఉన్నాయి. ఓపెన్‌వీపీఎన్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లోలాగా సర్టిఫికెట్ల తతంగం లేకుండా, ఒక్కో పరికరానికి ఒక జత తాళాలు (పరికరాన్ని గుర్తించడానికి వాడే సంకేతాలు, అంటే ‘కీ’లు), కొద్ది పంక్తుల సెట్టింగుల ఫైలు ఉంటే చాలు.

అయితే బయటి నుంచి వచ్చే ప్యాకెట్ (డేటా ముక్క) ఆ కంప్యూటర్ దాకా చేరాలంటే, వైర్‌గార్డ్‌కు వాడుకగా పెట్టే యూడీపీ 51820 పోర్టును (డేటా లోపలికి వచ్చే ద్వారాన్ని) బయటి కనెక్షన్లను అడ్డుకునే ఫైర్‌వాల్‌లో అనుమతించడంతోపాటు, రౌటర్‌లోనూ ఆ కంప్యూటర్‌కు మళ్లించాలి. అంతకంటే ముందు, రౌటర్‌కు ఇంటర్నెట్ సంస్థ ఇచ్చిన చిరునామా ఏమిటో చూడాలి. అది 100.64.0.0కూ 100.127.255.255కూ మధ్య ఉంటే, ఒకే పబ్లిక్ చిరునామాను (బయటి ఇంటర్నెట్‌కు కనిపించే చిరునామాను) ఎందరో చందాదారులకు పంచుతున్నారని అర్థం. అప్పుడు రౌటర్‌లో ఎన్ని మార్పులు చేసినా ఫలితం ఉండదు. విడిగా పబ్లిక్ చిరునామా అడగడమో, ఐపీవీ6 (కొత్త తరం చిరునామాల విధానం) ఉంటే దాన్ని వాడుకోవడమో, బయట చిన్న సర్వర్‌ను అద్దెకు తీసుకోవడమో చేయాలి. ఈ ఒక్క మాట మొదటే చెబితే ఎందరికో సాయంత్రాలు మిగులుతాయి.

మరో విచిత్రం ఉంది. తనకు తెలియని తాళంతో వచ్చిన ప్యాకెట్‌కు వైర్‌గార్డ్ అసలు జవాబే ఇవ్వదు. పోర్టుల కోసం వెదికే దుండగులకు సర్వర్ ఉన్నట్టే తెలియకపోవడం భద్రత రీత్యా గొప్ప గుణమే గానీ, కొత్తవారికి మాత్రం అదే పెద్ద తలనొప్పి: అవతలి వైపు నుంచి ఏమీ రాకపోయినా యాప్ ‘యాక్టివ్’ అనే చూపుతుంది. కాబట్టి ఆ మాటను నమ్మకుండా, చివరి హ్యాండ్‌షేక్ (రెండు వైపులా పరికరాలు ఒకదాన్నొకటి గుర్తించుకోవడం) ఎప్పుడు జరిగిందో చూపే పంక్తిని చూడమని రాయాలి. హ్యాండ్‌షేక్ జరిగినా ఫైళ్లు తెరుచుకోకపోతే, ఇంటి నెట్‌వర్క్, బయట వాడుతున్న వైఫై రెండూ 192.168.1తో మొదలయ్యే చిరునామాలే వాడుతున్నాయేమో పరిశీలించాలి. ఇంట్లో ఆ వరుసను ముందే మార్చుకోవడం మేలు.

డెస్క్‌టాప్ అసలు సర్వర్‌గా పుట్టిన యంత్రం కాదు. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే నిద్రలోకి జారుకుంటుంది, అప్‌డేట్ల పేరుతో తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది. నిద్రను ఆపేసి, రీస్టార్ట్ తర్వాత టన్నెల్ (వీపీఎన్ కనెక్షన్) మళ్లీ లేస్తోందో లేదో ఇంట్లో ఉండగానే పరీక్షించుకోవాలి.

నా దృష్టిలో అన్నిటికంటే తీవ్రమైన లోపం తాళాల గురించి మౌనం వహించడం. ఒకే సెట్టింగుల ఫైలును ఇంటిల్లిపాది ఫోన్లలోకి కాపీ చేస్తే, ఒక ఫోన్ పోయిన రోజున దాన్ని మాత్రమే తొలగించే దారి ఉండదు; పైగా ఒకే తాళంతో రెండు ఫోన్లు ఒకేసారి కలిస్తే కనెక్షన్ కూడా నిలకడగా ఉండదు.

ఇకపై ఇటువంటి వ్యాసం ప్రచురించేటప్పుడు, రౌటర్ చిరునామా పరీక్షను డౌన్‌లోడ్ వివరాలకంటే ముందు ఇవ్వవలసిందిగా, పోయిన పరికరపు తాళాన్ని సర్వర్ నుంచి తొలగించే పద్ధతిని తప్పక చేర్చవలసిందిగా మనవి.

భవదీయుడు,
ఒక పాఠకుడు