పాత ఆటగాళ్లకు ఫోన్ ఓట్లే కొలమానమా?

పాతతరం ఫుట్‌బాల్ ఆటగాళ్లకు గౌరవ జాబితాలో చోటిచ్చే నిర్ణయాన్ని ఇన్నేళ్ల తర్వాత అభిమానుల ఫోన్ ఓట్లకే వదిలేయడం సరికాదు. మొన్న హన్మకొండ నెహ్రూ స్టేడియం దగ్గరి టీకొట్టులో అలాంటి ఓటు వేస్తున్న నలుగురు కుర్రాళ్లు, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీపై గోల్ చేసి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులో ఆడిన సికింద్రాబాద్ బిడ్డ తులసీదాస్ బలరాం పేరును దాటేసి, గోల్ వీడియోలు దొరికే ఆటగాళ్లకే మీట నొక్కారు. వాళ్లనూ తప్పుపట్టలేం, ఆయన ఆటను వాళ్లకు చూపిందెవరు గనక! రిటైరై పాతికేళ్లు దాటినవారి ఎంపికలో మాజీ ఆటగాళ్లు, కోచ్‌లు, క్రీడా విలేకరులతో కూడిన కమిటీకి మూడింట రెండు వంతుల విలువనిచ్చి, మిగిలిన వంతే అభిమానులకు ఉంచాలి, ప్రతి పేరు పక్కన ఆడిన టోర్నీలు, చేసిన గోల్స్ కనిపించాకే ఓటు పడేలా చూడాలి.

– ఒక పాఠకుడు, హన్మకొండ