జెడ్డాలో వేపచెట్టు కింద మా అమ్మకు తోడున్నవాళ్లకు

మక్కా యాత్ర, అదే ఉమ్రా, ముగించుకుని మేము ఊరు చేరి ఇవాళ్టికి పన్నెండు రోజులు. ఇంటికి వచ్చినవాళ్లకు జమ్‌జమ్ నీళ్లు, ఖర్జూరాలు ఇస్తూ మా అమ్మ మక్కా, మదీనాల గురించి నాలుగు మాటలు చెప్పి, ఆ వెంటనే జెడ్డా సంగతి ఎత్తుకుంటోంది. అది మొదలుపెట్టిందంటే వచ్చినవాళ్లను ఒక పట్టాన లేవనివ్వదు. ఆ జెడ్డాలో ఒక సాయంత్రం అమ్మ మా నుంచి తప్పిపోయింది. గంటన్నర తర్వాత క్షేమంగా దొరికింది. ఆ గంటన్నర సేపు అమ్మను కనిపెట్టుకుని ఉన్నవాళ్లకు, మాతో పాటు సందుసందూ తిరిగినవాళ్లకు అప్పుడు సరిగ్గా థాంక్స్ కూడా చెప్పలేకపోయాను. నోట మాట రాలేదు, ఏడుపే వచ్చింది. ఆ బాకీ తీర్చుకోవడానికే ఇది రాస్తున్నాను. వాళ్ల పేర్లు మాత్రం రాయడం లేదు. ఇద్దరు వద్దన్నారు, మిగతావాళ్లను అడిగే వీలు దొరకలేదు.

మాది ప్రకాశం జిల్లా. నూర్‌బాషా కుటుంబం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. నాకూ మా ఆయనకూ ఉద్యోగాల వల్ల ఉర్దూ కాస్త వచ్చు. అమ్మకు అదీ రాదు. నమాజులో చదివే సూరాలు తప్ప ఆమె నోట వచ్చే ప్రతి మాటా తెలుగే. 68 ఏళ్ల మనిషి. పరాయి దేశంలో తప్పిపోతే ఏ ఊరు, ఎవరి తాలూకు అని చెప్పుకోవడానికి కూడా భాష లేని మనిషి. ఇది గుర్తుంచుకుని చదవండి.

మక్కాలో పనులన్నీ అయ్యాక తిరుగు విమానానికి ఒక రోజు ఖాళీ దొరికింది. గదిలో పడుకుందామని మా ఆయన అంటే, అమ్మే పట్టుబట్టింది, జెడ్డా పాతబస్తీ చూడాలని. కారణం మా తాత. ఆయన 1970ల్లో బొంబాయి నుంచి ఓడలో హజ్‌కు వచ్చారు. అప్పట్లో సముద్రం మీద వారం పైనే పట్టేది. (మన దేశం నుంచి హజ్ ఓడలు 1995లో ఆగిపోయాయి, ఆ తర్వాత అంతా విమానమే.) ఓడ దిగిన ఊరు జిద్దా అని, అక్కడ మేడలకు చెక్క గూళ్లు వేలాడుతుంటాయని తాత చెబుతుంటే విన్న పిల్ల మా అమ్మ. ఇన్నేళ్లూ మనసులో పెట్టుకుందని అక్కడ అడిగేదాకా నాకే తెలియదు.

ఆ పాతబస్తీని అల్ బలద్ అంటారు. నేను స్కూల్లో సోషల్ చెప్తాను కాబట్టి నాకూ ఆశగానే ఉండింది. 647లో మూడో ఖలీఫా ఉస్మాన్ మక్కాకు రేవుగా ఈ ఊరిని ఎంచుకున్నారు. అప్పటి నుంచి ఓడల్లో వచ్చే యాత్రికులూ, హిందూ మహాసముద్రం మీదుగా వచ్చే సరుకూ దిగేది ఇక్కడే. చుట్టూ ప్రహరీ ఉండేది, దాన్ని 1947లో తీసేశారు. కొన్ని ద్వారాలు మాత్రం ఇప్పుడూ కనిపిస్తాయి. 2014లో యునెస్కో ఈ బస్తీని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అరబీలో జద్దా అంటే అవ్వ. మానవజాతికి తల్లి అయిన హవ్వా సమాధి ఇక్కడే ఉందని, ఊరికి ఆ పేరు అందుకే వచ్చిందని చెప్పుకుంటారు.

సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక బాబ్ మక్కా అనే పాత ద్వారం వైపు నుంచి లోపలికి నడిచాం. నాలుగైదు అంతస్తుల ఇళ్లు, ప్రతి ఇంటికీ ముందుకు పొడుచుకొచ్చిన చెక్క గూళ్లు. రవాషీన్ అంటారు వాటిని. సన్నని జాలీ పని. లోపల ఉన్నవాళ్లకు గాలి వస్తుంది, వీధి కనిపిస్తుంది, వీధిలో ఉన్నవాళ్లకు లోపలి మనుషులు కనిపించరు. నీళ్ల కూజాలు ఆ గూళ్లలో పెట్టి చల్లబరుచుకునేవారట. గోడలు ఎర్ర సముద్రంలోని పగడపు రాయితో కట్టినవి. గిలాబా ఊడిపోయిన ఒక గోడ దగ్గర అమ్మ ఆగి చెయ్యి పెట్టి తడిమింది. రాయి నిండా చిన్న చిన్న రంధ్రాలు, చీమల పుట్టను కోసినట్టు. రాళ్ల వరసల మధ్య అడ్డంగా చెక్క దూలాలు పొదిగారు. రాయి మెత్తనిది కాబట్టి బరువు ఒకచోట పడకుండా సర్దడానికి అలా పెట్టారు. "మా నాయన చెప్పిన ఊరే ఇది" అంది అమ్మ. ఆమె అలా అన్నప్పటి ముఖం చూశాక, రాకుండా గదిలో పడుకుని ఉంటే ఎంత పొరపాటు చేసేవాళ్లమో అనిపించింది.

ఆ తర్వాత పావుగంటకే ఆమె తప్పిపోయింది.

సూక్ అల్ అలవీ అనే బజారులో ఒక సాంబ్రాణి, అత్తరు కొట్టు దగ్గర నిలబడ్డాం. ఊళ్లో పంచడానికి బఖూర్ అనే అరబ్బు సాంబ్రాణి తీసుకుంటూ ధర మాట్లాడుతున్నాను. మా ఆయన డబ్బులు లెక్కపెడుతున్నారు. అదే సమయంలో మన దేశం నుంచి వచ్చిన ఇంకో ఉమ్రా గుంపు పక్కనుంచి పోయింది. వాళ్లవీ మాలాంటి మెరూన్ రంగు స్కార్ఫులే. అమ్మ వెనక్కి తిరిగి చూసేసరికి ముందు పోతున్న మెరూన్ స్కార్ఫు నాదే అనుకుని వాళ్ల వెంట నడిచింది. రెండు మలుపులు తిరిగాక గానీ వాళ్లు వేరేవాళ్లని తెలియలేదు. అప్పటికి ఆమెకు దారి తెలియదు, ఆమె ఎక్కడుందో మాకు తెలియదు.

అమ్మ మెడలో ట్రావెల్స్‌వాళ్లు ఇచ్చిన కార్డు ఉంది. అందులో ఉన్నది అక్కడి మనిషి నంబరు. ఆ సాయంత్రం ఎన్నిసార్లు చేసినా ఆ ఫోను ఎత్తలేదు. అమ్మ ఫోనులో సౌదీ సిమ్ లేదు. ఆ తప్పు నాది, పది రోజులకే కదా, ఎప్పుడూ పక్కనే ఉంటాం కదా అనుకున్నాను. మీ పెద్దవాళ్లతో వెళ్తుంటే దయచేసి సిమ్ వేయించండి. కార్డు వెనక మీ నంబరు కూడా మీ చేత్తో రాయండి.

ఇక్కడి నుంచి నేను థాంక్స్ చెప్పాల్సినవాళ్లు వస్తారు.

మొదటిది ఆ సాంబ్రాణి కొట్టు యజమాని. యెమన్ మనిషి, నలభై ఏళ్లుంటాయి. తెలిసీ తెలియని ఉర్దూ. నేను కంగారుగా "అమ్మా, అమ్మా" అని అటూ ఇటూ పరిగెత్తుతుంటే విషయం అడిగి, కొట్టు పనివాడికి అప్పజెప్పి, గల్లాపెట్టె కూడా మూయకుండా బయటికొచ్చేశారు. మా ఆయనను కొట్టు దగ్గరే ఉండమన్నారు, ఆమె వెతుక్కుంటూ తిరిగి వస్తే మనిషి ఉండాలని. ఆ ఆలోచన మాకు రాలేదు. నన్ను వెంటబెట్టుకుని బాబ్ మక్కా దాకా, మళ్లీ వెనక్కి, అక్కడి నుంచి నమాజుకు వెళ్లిందేమోనని షాఫియీ మసీదు వైపు. మరమ్మతులు జరుగుతూ కొన్ని సందులు మూసేసి ఉన్నాయి. ఆయనకు ప్రతి సందూ తెలుసు. దారిలో కనిపించిన ప్రతి కొట్టువాడికీ అరబీలో ఏదో చెప్పారు. పొద్దుగూకాక మగ్రిబ్ నమాజుకు అజాన్ వినిపించినప్పుడు నేను ఒక అరుగు మీద కూలబడ్డాను. ఆయన నీళ్ల సీసా చేతికిచ్చి "బెహన్, మిల్ జాయేగీ" అన్నారు, దొరుకుతుంది అని. అంతే. ఆ మాట పట్టుకునే మళ్లీ లేచాను.

రెండో మనిషి వీధులు ఊడ్చే బంగ్లాదేశ్ తమ్ముడు. ఆకుపచ్చ యూనిఫాంలో చీపురు పట్టుకుని ఎదురయ్యాడు. అమ్మ ఎలా ఉంటుందో అడిగాడు. నల్ల బురఖా, చేతిలో పసుపు రంగు గుడ్డ సంచి అని చెప్పాను. వెంటనే ఫోను తీసి తమ పనివాళ్ల గ్రూపులో బెంగాలీలో వాయిస్ మెసేజ్ పెట్టాడు. బస్తీ నలుమూలలా ఊడ్చేవాళ్లందరికీ ఒక్కసారి తెలిసిపోయింది. ఆ మెసేజ్ విన్న ఇంకొకతను పసుపు సంచిని గుర్తుపట్టి, మేము వచ్చేదాకా అమ్మకు నాలుగడుగుల దూరంలో నిలబడి కాపలా కాశాడని తర్వాత తెలిసింది. ఆ ఇద్దరి జీతం ఎంత ఉంటుందో నేను ఊహించగలను. పోతూపోతూ చేతిలో డబ్బు పెట్టబోతే ఇద్దరూ చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

అక్కడి అత్యవసర నంబరు 911కు కూడా చేశాం. ఫోన్ తీసినావిడ ఇంగ్లీషులో నిదానంగా అన్నీ అడిగి రాసుకున్నారు. రాత్రి మళ్లీ ఫోన్ చేసి దొరికిందా అని కనుక్కున్నారు. ఆవిడకూ నా సలాం.

ఇక అమ్మ సంగతి. గుంపు వేరని తెలిశాక ఆమె భయపడింది, కానీ తిరగలేదు. చిన్నప్పుడు ఉరుసులో తప్పిపోతే ఉన్నచోటే కూర్చోవాలని తాత చెప్పిన మాట గుర్తొచ్చిందట. కూర్చోవడానికి చుట్టూ చూస్తే ఒక పెద్ద మేడ ముందు వేపచెట్టు కనిపించింది. రెండు రోజుల ముందే మక్కా దగ్గర అరఫాత్ మైదానంలో వేల వేపచెట్లు చూసి మురిసిపోయింది. "అన్నీ తెలియనివే, చెట్టొకటి మనది. దాని కిందికి పోయి కూర్చున్నా" అంది నాతో.

ఆ మేడ నసీఫ్ ఇల్లు. ఒక పెద్ద వర్తకుడు కట్టించుకున్నది. 1881 నాటికి పూర్తయింది. 1925లో రాజు అబ్దుల్ అజీజ్ జెడ్డాలోకి వచ్చినప్పుడు దిగింది అందులోనే. పై అంతస్తుల దాకా ఒంటెలు ఎక్కేంత వెడల్పుగా మెట్లు కట్టారని చెబుతారు. కానీ ఊళ్లోవాళ్లకు ఆ ఇల్లు చెట్టుతోనే గుర్తు. మంచినీళ్లకు కటకటలాడిన ఊరు కదా, 1920ల దాకా కోటగోడ లోపల ఉన్న ఒకే ఒక్క చెట్టు అదేనట. చెట్టున్న ఇల్లు అంటే చాలు, ఎవరైనా దారి చూపేవారు.

ఆ చెట్టు కింద అమ్మ నేల మీద కూర్చుని తస్బీ (జపమాల) తిప్పుకుంటుంటే తెల్లటి తోబ్ (పొడుగు అంగీ) వేసుకున్న ఒక సౌదీ పెద్దాయన చూశారు. అమ్మ వయసే ఉంటుందట. ఆయన అరబీ అడిగితే అమ్మ తెలుగు చెప్పింది. ఇద్దరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయన వెళ్లి కుర్చీ తెచ్చి వేశారు. నీళ్లు, ఖర్జూరాలు, చిన్న పింగాణీ గిన్నెలో గహ్వా అనే అరబ్బు కాఫీ తెచ్చారు. యాలకుల వాసన, పాలు లేవు, పంచదార లేదు, పసుపుపచ్చగా ఉంది, అయినా కాదనలేక తాగానంది అమ్మ. ఆయన కాస్త దూరంలో, ఆమెకు ఇబ్బంది లేకుండా, ముఖం వీధి వైపు తిప్పి కూర్చున్నారు. మగ్రిబ్‌కు కూడా మసీదుకు పోకుండా అక్కడే చెట్టు పక్కన నమాజు చేసుకున్నారు. అది విన్నప్పుడు మాత్రం నాకు కన్నీళ్లు ఆగలేదు.

పక్కన టీ కొట్టులో పనిచేసే కేరళ అబ్బాయిని పిలిపించింది కూడా ఆయనే. ఆ అబ్బాయికి అమ్మ మాటల్లో తెలిసింది "అమ్మ", "కూతురు" లాంటివి ఒకటి రెండే. కానీ ఇది తెలుగు అని పోల్చుకున్నాడు, ఎందుకంటే అతని గదిలో ఉండేది మన జగిత్యాల తమ్ముడు. వెంటనే అతనికి ఫోన్ కలిపి అమ్మ చెవి దగ్గర పెట్టాడు.

"అమ్మా, పరేషాన్ గాకు. నేను మనోన్నే. ఏ ఊరమ్మా మీది?"

ఈ మాట అమ్మ ఇప్పటికి ఎంతమందికి చెప్పిందో. ఫోను పట్టుకుని ఏడ్చేసిందట. నా సౌదీ నంబరు అమ్మకు రాదు. నోటికి వచ్చింది ఒంగోల్లో ఉన్న మా తమ్ముడి నంబరు ఒక్కటే. జగిత్యాల తమ్ముడు డ్యూటీలో బండి పక్కకు ఆపి, ఆ నంబరుకు ఇండియాకు చేశాడు. అలా నేను జెడ్డా సందుల్లో వెతుకుతుంటే ఒంగోలు నుంచి ఫోన్ వచ్చింది. "అక్కా, అమ్మ అక్కడే ఎక్కడో వేపచెట్టు కింద ఉందంట. కంగారు పడకు."

నేను యెమన్ ఆయనతో "నీమ్ కా పేడ్" అన్నాను, అంతే. "బైత్ నసీఫ్!" అని ఆయన పరుగు అందుకున్నారు. వెనక నేను.

మేము వెళ్లేసరికి అమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్లో పసుపు సంచి, కొంగున రాలిన వేపాకులు నాలుగు. నన్ను చూసి ముందు అడిగింది, "అల్లుడేడీ, ఆయనేమన్నా తిన్నాడా?" అని. నేను ఆ పెద్దాయన ముందు నిలబడి చేతులు జోడించాను. ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని ఒకే మాట అన్నారు, "వాజిబ్". విధి అని. అమ్మను చూపించి ఇంకేదో అన్నారు. యెమన్ ఆయన ఉర్దూలో చెప్పారు, "వాళ్లమ్మ కూడా ఇలాగే ఈ చెట్టు కింద కూర్చునేదట."

సాంబ్రాణికి ఆయన ఆ రోజు డబ్బు తీసుకోలేదు. మేము బలవంతం చేస్తే, మళ్లీ వచ్చినప్పుడు ఇవ్వండి అన్నారు. మా ఇంట్లో ఇప్పుడు ప్రతి శుక్రవారం ఆ సాంబ్రాణే వేస్తున్నాం.

జగిత్యాల తమ్ముడూ, నువ్వు సెలవు మీద వచ్చినప్పుడు ఒంగోలు దాకా రావాలి. అమ్మ నీకు స్వయంగా వండి పెడతానంది. నీ గదిలోని కేరళ అబ్బాయికీ ఈ మాట చెప్పు. ఇంకో సాయం కూడా కావాలి. మొన్న అమ్మ నీకు వాయిస్ మెసేజ్ పెట్టింది కదా, వీలు చూసుకుని చెట్టు దగ్గరికి వెళ్లి దాన్ని ఆ పెద్దాయనకు అరబీలో చెప్పించు. అమ్మ ఆయన కోసం రోజూ దువా చేస్తోందని చెప్పు. కంగారులో లేచి వచ్చేశాను, ఆయన గిన్నె కడిగి ఇవ్వలేదు, ఏమనుకున్నాడో ఏమోనని ఈ పన్నెండు రోజులుగా బాధపడుతోంది. ఆ సంగతి మర్చిపోకుండా చెప్పు.