చిట్టికి

చిట్టీ,

ఇక్కడ అందరం కులాసా. మీ అమ్మ మోకాలు కాస్త నయం. పైపులు వేస్తామని మన సందు తవ్వేసి పోయారు, స్కూటర్ సంపత్ వాళ్ళింటి దగ్గర పెట్టి నడిచొస్తున్నా. మొన్న పెదబాబు సెలవుకొచ్చాడు. ఏదో ఓడ మీద సీహాక్ హెలికాప్టర్ తోక ముడుస్తుంటే ఒక తెలుగమ్మాయి వేలు అందులో ఇరుక్కుందట అన్నాడు. నేవీలో తెలుగమ్మాయిలు నువ్వొక్కదానివేనా! నేనేం పట్టించుకోలేదు. మీ అమ్మకి చెప్పలేదు.

జలాశ్వ ఓడతో 2007లో వచ్చిన యూహెచ్-3హెచ్ సీకింగ్ హెలికాప్టర్లకి 2024 జూన్‌లో విశాఖలోని నేవీ ఎయిర్‌స్టేషన్ డేగాలో వీడ్కోలు చెప్పేశారు కదా, అటువైపు వెళ్తే ఇప్పటికీ తల అటే తిరుగుతుంది. నేను పనిచేసిన సీకింగ్‌కి ఐదు బ్లేడ్లు, హైడ్రాలిక్ మీద ముడుచుకునేవి. మీ సీహాక్‌కి నాలుగే, ముడవడం మోటార్లే చూసుకుంటాయి. విచ్చుకుంటే 64 అడుగుల పైమాటైన యంత్రం 41 అడుగులకి సర్దుకోకపోతే ఓడ మీద దాన్ని పెట్టే ఆ హ్యాంగర్‌లో ఎక్కడ పడుతుంది? కామోవ్ హెలికాప్టర్ల వాళ్ళకి తోక రోటరే లేదు, అదృష్టవంతులు, కానీ బ్లేడ్లు చేత్తోనే ముడవాలి. తోక మాత్రం మీకూ మాకూ ఒకటే. మనుషులే తోసి తిప్పాలి. అది మూసుకునేటప్పుడు కీలు దగ్గర చెయ్యి ఉండకూడదు. ఓడ ఒరిగితే తోక మన మాట వినదు.

ఆ పగడం ఉంగరం తీసేశావా? మీ అమ్మ ఏమన్నా అననీ, డ్యూటీలో ఉంగరం వద్దు. జేబులోనూ వద్దు, జారి ఎక్కడ పడుతుందో! లాకర్‌లో పెట్టు.

ఒకసారి బంగాళాఖాతంలో, వానాకాలం, అర్ధరాత్రి దాటాక మా హెలికాప్టర్ లేవాలి. బ్లేడ్లు విప్పాం. కాక్‌పిట్‌లో లాక్ అయినట్టు లైటొచ్చింది. పైలట్ బొటనవేలు చూపించాడు. మా మలయాళీ చీఫ్ ఒక్కడే కదల్లేదు. టార్చి నోట కరుచుకుని, బ్లేడ్లన్నీ కలిసే రోటర్ హెడ్ మీదికెక్కాడు. పైనుంచి వాన, కింద డెక్ ఊగుతోంది, నేను ఆయన నడుం బెల్టు పట్టుకున్నా. చూస్తే ఒక బ్లేడ్ లాక్ పిన్ పూర్తిగా లోపలికి వెళ్ళలేదు. ఆ లైటు వెలిగించే మైక్రో స్విచ్‌కి ఉప్పు పట్టి అబద్ధం చెప్పింది. మళ్ళీ ముడిపించాడు. పాత గ్రీజు గట్టిపడి అటుకుల పిండిలా ఉంది. అంతా తీయించి, పిన్ తుడిపించి, కొత్త గ్రీజు పెట్టించి విప్పించాడు. మళ్ళీ ఎక్కాడు, పిన్ చూశాడు. పైలట్ ఏమనలేదు, వెళ్ళేటప్పుడు సెల్యూట్ చేశాడు. తెల్లారాక చీఫ్ నాకు టీ ఇచ్చి, "లైటు నమ్ముకుంటే జీతం నాకెందుకు" అన్నాడు.

కాబట్టి లైటొచ్చినా కంటితో చూడు. సముద్రం మీద ఎగిరొచ్చాక మంచినీళ్ళతో కడగడం ఎవరికోసమూ మానకు. కొత్త గ్రీజు పెడితే పాతదంతా బయటికొచ్చి, శుభ్రమైనది కనబడేదాకా ఆపకు. తోక విప్పినప్పుడు, తోక రోటర్‌ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ కప్లింగ్ సరిగ్గా కలిసిందో లేదో ఇంకొకళ్ళు చెబితే వినేసి సంతకం పెట్టకు. తొందరపెట్టే వాళ్ళు ఎప్పుడూ ఉంటారు. నిద్ర లేకపోతే లేదని చెప్పు, అందులో నామోషీ ఏం లేదు. పాఠం మొదలెట్టానంటావు. సరేలే.

ఓడలో సిగ్నల్ ఉండదని నాకు తెలీదా! కానీ పెదబాబు చెప్పిన పిల్లకి ఎడమచెయ్యో కుడిచెయ్యో వాడికీ తెలీదట. నువ్వు రాయలేకపోతే పక్క మంచం పిల్లచేత రాయించు. రేవుకి చేరగానే వీడియో కాల్ చెయ్యి, ఉత్త ఫోన్ వద్దు.

బెల్లం ఆవకాయ, మినప సున్నుండలు కొరియర్ చేశాం. ఆవకాయకి నూనె తక్కువని మీ అమ్మ గొడవ. డబ్బా కారితే దాని కవర్ పారెయ్యకు, ఫోటో తీసి పంపు, ఆ కొరియర్ వాడితో మాట్లాడాలి.

నాన్న