రాతప్రతి నుంచి పాఠకుడి దాకా: రచయితల సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

మొదలుపెట్టిన పుస్తకాలు ఎందుకు పూర్తికావడం లేదో, పూర్తయినవి ఎందుకు పాఠకుల దాకా వెళ్లడం లేదో తెలుసుకుని చేతనైన సాయం చేయాలని గత సర్వసభ్య సమావేశంలో మీరు కార్యవర్గాన్ని ఆదేశించారు. నెలకొక సమావేశం జరిపి, సభ్యుల అసంపూర్తి రాతప్రతులు చదివి, అమ్ముడుపోక ఇంట్లో మిగిలిన పుస్తకాల కట్టలను కూడా చూసిన మీదట, ఈ రెండు కష్టాలకూ మూలం ఒకటేనన్న అభిప్రాయానికి వచ్చాం. మనలో చాలామంది మొదటి వాక్యం నుంచి చివరి ప్రూఫు దాకా ఒంటరిగా పనిచేస్తున్నారు. పుస్తకం అచ్చయి ఇంటికి వచ్చాక గానీ పాఠకుడు గుర్తుకు రావడం లేదు.

మేము చదివిన రాతప్రతుల్లో ఎక్కువ భాగం నడిమధ్యన ఆగిపోయినవే. ఒక సభ్యురాలి నవలలో మొదటి ప్రకరణానికి 11 చిత్తుప్రతులున్నాయి. ఏడో ప్రకరణం మాత్రం వాక్యం మధ్యలో, 'ఆమె తలుపు దగ్గరికి వచ్చి' అన్న చోట ఆగింది. ముందుకు కదలలేనప్పుడల్లా ఆమె వెనక్కి వెళ్లి మొదటి ప్రకరణాన్ని చెక్కుతూ వచ్చారు. ఉద్యోగం, ఇంటి బాధ్యతలు, ముసలివాళ్ల అనారోగ్యం రాతకు అడ్డు వచ్చే మాట నిజమే. అయితే రోజులో ఆ కాస్త సమయం దొరికినవాళ్లు కూడా దాన్ని దిద్దుబాటుకే ఖర్చు చేయడం మమ్మల్ని ఆలోచింపజేసింది. ఆత్మకథలు, చరిత్ర రాసేవారి ఇబ్బంది వేరు. ఇంకొక్క ఆధారం దొరికితే గానీ కలం పట్టకూడదనుకుంటూ కొందరు ఏళ్లు గడిపేస్తున్నారు. బతికి ఉన్న బంధువుల మనసు నొచ్చుకుంటుందేమోనని మరికొందరు అసలు ఘట్టాన్నే దాటవేస్తున్నారు.

ఈ చర్చల్లో ఆంగ్ల నవలాకారుడు ఆంథొనీ ట్రొలోప్ పద్ధతిని ప్రస్తావించాం. తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూనే ఆయన తెల్లవారుజామున 5:30కు బల్ల ముందు కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, ప్రతి పావుగంటకూ 250 మాటలు రాసేవారు. 1882లో మరణించేనాటికి ఆయన రాసిన నవలలు 47. అంత వేగం అందరికీ సాధ్యం కాదు, అవసరం కూడా కాదు. రోజూ ఒకే వేళకు కూర్చోవడం, రాసినదానికి లెక్క ఉంచుకోవడం అన్న రెండింటినే మేము ఆయన నుంచి తీసుకున్నాం.

దానికి తోడుగా 'చదువరి జత' ఏర్పాటు చేశాం. ఇద్దరేసి సభ్యులు పక్షానికొకసారి ఒకరి పేజీలు మరొకరు చదువుతారు. మొదటి చిత్తుప్రతి ముగిసేదాకా చదివినవారు తప్పులు దిద్దకూడదు. ఎక్కడ ఆసక్తి సన్నగిల్లిందో, ఎక్కడ తర్వాత ఏమవుతుందోనని ఆత్రపడ్డారో మాత్రమే చెప్పాలి. ఈ నియమం పాటించిన జతలు బాగా సాగాయి. తొలి పక్షంలోనే భాషాదోషాలు ఏరడానికి దిగిన జతలు త్వరలోనే విడిపోయాయి. ఏడో ప్రకరణంలో ఆగిపోయిన ఆ సభ్యురాలి నవల ఇప్పుడు చివరి ప్రకరణానికి చేరిందని చెప్పడం కార్యదర్శిగా నాకు ఈ ఏడాది దక్కిన పెద్ద సంతోషం.

ముద్రణ విషయంలో జాగ్రత్తలు క్లుప్తంగా చెబుతాను. పేజీల సంఖ్య ఖాయం కాకముందే అట్ట మొత్తం సిద్ధం చేయించవద్దు. పేజీలు పెరిగినా తగ్గినా పుస్తకం వెన్ను మందం మారి, దానిమీద ఉండాల్సిన పేరు పక్కకు జరుగుతుంది. ఒక సభ్యుడి పుస్తకానికి అలాగే జరిగి, అట్టలు తిరిగి వేయించాల్సి వచ్చింది. ప్రతి పుస్తకాన్నీ విడిగా గుర్తించే అంతర్జాతీయ సంఖ్య అయిన, 2007 నుంచి 13 అంకెలతో ఉంటున్న ఐఎస్‌బీఎన్‌ను అచ్చుపుస్తకానికి ఒకటి, ఈ-పుస్తకానికి వేరొకటి తీసుకోవాలి.

అమ్మకం దగ్గరే మనవాళ్లు ఎక్కువగా కుంగిపోతున్నారు. ఆవిష్కరణ సభ రోజున హాలు నిండుతుంది, వచ్చినవాళ్లలో చాలామందికి రచయితే సంతకం చేసి పుస్తకం ఉచితంగా ఇస్తారు, మర్నాటి నుంచి ఎవరూ ఏమీ అనరు. ఆ మౌనాన్ని తన రచన మీద తీర్పుగా తీసుకుని, రెండో పుస్తకం ఆలోచనే మానుకున్నవారు మన సంఘంలో ఉన్నారు. నిజానికి ఆ పుస్తకం వచ్చిందన్న సంగతే దాన్ని ఇష్టపడగలిగిన పాఠకులకు తెలియలేదు. దుకాణాల కమీషన్ సాధారణంగా వెలలో మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుంది. అమ్మిన తర్వాతే డబ్బు ఇస్తామన్న ఒప్పందం మీద ప్రతులు ఇచ్చి, రసీదు తీసుకోక నష్టపోయినవారూ ఉన్నారు. కాబట్టి ఎన్ని ప్రతులు ఇచ్చారో, లెక్క ఎప్పుడు తేలుస్తారో రాయించుకోవాలి. ఎంత అమ్ముడుపోతుందో అంచనా లేనప్పుడు, గిరాకీని బట్టి కొద్ది ప్రతులే వేయించుకునే ప్రింట్ ఆన్ డిమాండ్ పద్ధతి మేలు.

ఒక సమావేశంలో ప్రతి సభ్యుడినీ నిలబెట్టి, 'మీ పుస్తకం దేని గురించి?' అని అడిగి, ఒక్క వాక్యంలో జవాబు చెప్పమన్నాం. పదేళ్లు శ్రమించి పుస్తకం రాసిన పెద్దాయన ఒకరు చాలాసేపు మౌనంగా ఉండి, 'జీవితం గురించి' అన్నారు. పక్కనే ఉన్న ఆయన చదువరి జత లేచి, 'చెల్లెలికి చేసిన అన్యాయాన్ని ముప్పై ఏళ్ల తర్వాత దిద్దుకోబోయిన అన్న కథ' అన్నారు. వెనుక అట్ట మీద ఇప్పుడు ఆ వాక్యమే ఉంది. తన పుస్తకం గురించి తానే చెప్పుకోవడం సిగ్గుమాలిన పని అన్న భావన మనలో బలంగా ఉంది. ఆ బిడియాన్ని నేను గౌరవిస్తాను. కానీ పుస్తకంలో ఏముందో చెప్పడం వేరు, దాన్ని పొగుడుకోవడం వేరు.

వచ్చే ఏడాది ఇదే పనిని ముందుకు తీసుకెళ్తాం. సమీక్షకులకు పంపాల్సిన ప్రతులను ఆవిష్కరణ తర్వాత హడావిడిగా కాక, మూడు నెలల ముందే పంపేలా పట్టిక తయారుచేశాం. చదువరి జతల్లో చేరదలచిన సభ్యులు తమ రాతప్రతి ఏ దశలో ఆగినా సరే, ఆగిన చోటి చివరి పది పేజీలను తీసుకుని వచ్చే నెల సమావేశానికి రావలసిందిగా కోరుతున్నాను.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి