ఆడవాళ్ల జట్టు మన ఊళ్లో ఆడి ఎన్నేళ్లయింది?

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. బాస్కెట్‌బాల్ అంటే పిచ్చి. పోయిన నెల సెలెక్షన్స్‌కు తీసుకెళ్తే, రోజూ వేసే చోటి నుంచి వేసిన బంతి కూడా రింగు దాటిపోయి బోర్డుకు కొట్టుకుని వెనక్కొచ్చింది. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు. టెన్షన్ పడుతోందేమో అనుకున్నాను. ఇంటికొస్తుంటే బస్సులో మెల్లగా చెప్పింది: "అమ్మా, అక్కడి బంతి తేలిగ్గా ఉంది." అదీ సంగతి. ఆడవాళ్ల పోటీల్లో వాడేది ఆరో నంబరు బంతి. వాళ్ల స్కూల్లో ఉన్నవన్నీ మగవాళ్లు ఆడే ఏడో నంబరువి. మూడేళ్లుగా పిల్ల దాంతోనే సాధన చేస్తోంది. పీటీ సారును అడిగితే "బంతి బంతేనమ్మా" అన్నారు.

ఆ సారును తిట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆడవాళ్ల పెద్ద మ్యాచ్ దగ్గర నుంచి చూసే అవకాశం ఆయనకు ఎప్పుడొచ్చిందని? పిల్లకైనా ఒక్కసారే వచ్చింది. 2019 సెప్టెంబరులో మహిళల ఆసియా కప్ మన బెంగళూరు కంఠీరవ ఇండోర్ స్టేడియంలో జరిగినప్పుడు ఏడేళ్ల పిల్లను వెంటబెట్టుకుని వెళ్లాను. మ్యాచ్ మొదలవకముందే జపాన్ అమ్మాయిలు మూడు పాయింట్ల గీత బయట నిలబడి ఒకరి తర్వాత ఒకరు వేస్తున్నారు. బంతి రింగుకు తగలడం లేదు, వల మాత్రం సర్రుమంటోంది. "అమ్మా, ఆ అక్క నీ అంతే ఉందే!" అంది మా పిల్ల. నేనేమంత ఎత్తరిని కాదు లెండి. ఫైనల్లో జపాన్ 71-68తో చైనాను ఓడించింది. రెండేళ్లు తిరిగేలోపే టోక్యో ఒలింపిక్స్‌లో రజతం తెచ్చుకుంది. అలాంటి జట్టును ఇంటి నుంచి గంట ప్రయాణంలో చూశాం.

అంతకు ముందు 2017లోనూ ఆసియా కప్ ఇక్కడే జరిగింది. కింది శ్రేణి అయిన డివిజన్ బి ఫైనల్లో మనవాళ్లు 75-73తో కజకిస్తాన్‌పై గెలిచి పై శ్రేణి డివిజన్ ఎకి ఎక్కారు. ఆ జట్టులో ఆడిన చెన్నై క్రీడాకారిణి అనితా పాల్‌దురైకి తర్వాత పద్మశ్రీ కూడా వచ్చింది. రెండు పాయింట్ల తేడా అంటే ఒక్క బుట్ట. అలాంటి మ్యాచ్‌లో సొంత జనం కేకలు ఎంతో కొంత పనిచేసి ఉంటాయనే నా నమ్మకం.

అసలు విషయానికి వస్తాను. పురుషుల జట్లకు 2017 చివరి నుంచి అర్హత పోటీల పద్ధతి మారింది. విడతలు విడతలుగా, ఒకసారి మనం వాళ్ల ఊరికి వెళ్లి, ఒకసారి వాళ్లు మన ఊరికి వచ్చి ఆడతారు. అందుకే 2024 నవంబరులో ఖతార్, కజకిస్తాన్ జట్లు చెన్నై వచ్చి మనవాళ్లతో ఆడాయి. ఆసియాలో ఆడవాళ్లకు ఆ ఏర్పాటు లేదు. ఒకే ఊళ్లో, వారం పది రోజుల్లో అంతా అయిపోతుంది. డివిజన్ బి గెలిస్తే పైకి, ఎలో అడుగున మిగిలితే కిందికి. ఆ పైన ప్రపంచ కప్‌కు, ఒలింపిక్స్‌కు మళ్లీ వేరే క్వాలిఫయింగ్ టోర్నీలు, అవీ అంతే. అంటే టోర్నీ మొత్తాన్ని మనం తెచ్చుకుంటే తప్ప మన ఆడవాళ్లకు సొంతగడ్డ మీద ఆట లేదు.

2019 తర్వాత ఆసియా కప్ అమ్మాన్, సిడ్నీ, షెంజెన్‌లకు వెళ్లింది. అమ్మాన్‌లో మనవాళ్లు ఎనిమిదో స్థానంలో మిగిలి మళ్లీ బికి దిగారు. 2022లో అండర్-18 అమ్మాయిల టోర్నీ ఇక్కడ జరిగిన మాట నిజమే, కాదనను. పెద్దవాళ్లది మాత్రం రాలేదు.

చేతికి అందినట్టే అంది జారిపోయింది ఇంకొకటి ఉంది. ముగ్గురేసి ఆడే 3x3 బాస్కెట్‌బాల్ ఒలింపిక్ అర్హత టోర్నీ 2020 మార్చి 18 నుంచి 22 వరకు బెంగళూరులో జరగాల్సింది. ఆడవాళ్లవి 20 జట్లు, మగవాళ్లవి 20. నేను ఆఫీసులో సెలవు కూడా పెట్టుకున్నాను. కరోనాతో వాయిదా పడింది. చివరి రోజు అనుకున్న మార్చి 22 జనతా కర్ఫ్యూ అయింది, గంటలు కొట్టి లోపలికి వచ్చేశాం. మరుసటి ఏడాది ఆ టోర్నీ ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో జరిగింది.

ఆతిథ్యం ఇస్తే గెలిచేస్తామా అని అడిగేవాళ్లు ఉంటారు. గెలవం. 2024 ఫిబ్రవరిలో పారిస్ ఒలింపిక్స్ అర్హత టోర్నీలను బెలెంలో పెట్టిన బ్రెజిల్, షోప్రోన్‌లో పెట్టిన హంగరీ, రెండూ సొంత జనం ముందే బయటికి పోయాయి. ఒక్కో టోర్నీలో నాలుగు జట్లలో మూడింటికి ఒలింపిక్స్‌లో చోటున్నా సరే. కానీ ఆ వారం ఆ ఊళ్ల ఆడపిల్లలు ఏం చూశారో అది వాళ్లకు మిగిలింది కదా.

భారత బాస్కెట్‌బాల్ సమాఖ్య, కర్ణాటక ప్రభుత్వం కలిసి వచ్చే డివిజన్ బి టోర్నీనైనా బెంగళూరుకు అడగాలి. హాలు కొత్తగా కట్టక్కర్లేదు, కంఠీరవ ఉంది. మాలాంటి వాళ్లు బెన్నిగానహళ్లిలో పర్పుల్ లైన్ మెట్రో ఎక్కి కబ్బన్ పార్కులో దిగితే చాలు. మీరు కూడా క్రికెట్ పేజీలో ఓ మూల ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ పాయింట్ల పట్టిక వేయండి. టోర్నీ వస్తే స్కూళ్లకు పాసులు పంచాలి. మా పిల్ల స్కూలు వంతు పాసుల్లో మొదటిది పీటీ సారుకే ఇవ్వాలని నా మనవి. ఆ బంతిని ఒకసారి చేత్తో పట్టుకుని చూసి వస్తారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రామమూర్తి నగర్, బెంగళూరు