మంత్రి గారూ, వరద రాకముందే మా ట్రాక్టర్లకు నిచ్చెనలు పెట్టించండి

గౌరవనీయులైన రాష్ట్ర విపత్తుల నిర్వహణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను 2014లో తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన విలీన మండలాల్లో, కూనవరానికి దగ్గర్లో, శబరి నది ఒడ్డున సేద్యం చేసుకునే రైతును. నాకు 45 హార్స్‌పవర్ ట్రాక్టరు ఒకటి, దాని వెనక తగిలించే ట్రక్కు ఒకటి ఉన్నాయి. వరదొస్తే మా ఊరి జనాన్ని గుట్ట మీదికి చేర్చేది ఈ బండి, ఇలాంటివే ఇంకో నాలుగు బండ్లు. వాటి గురించే ఈ ఉత్తరం.

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మూడోది టీవీలో చెప్పేసరికి మా పని అయిపోయి ఉండాలి. గోదావరి పోటు మీద ఉన్నప్పుడు కూనవరం దగ్గర కలవాల్సిన శబరి కలవలేక వెనక్కి తన్నుతుంది. ఆ ఎగపోటు నీరు ముందు వాగుల్లోకి ఎక్కుతుంది, రోడ్డు మీది కల్వర్టులు మునుగుతాయి, తర్వాత పొలాలు, ఆ తర్వాత ఇళ్ళు. ఊరికంటే ముందు దారి పోతుంది. మాకు దొరికే వ్యవధి ఆ కాసేపే.

2022 జులై 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు వచ్చింది. 1986 నాటి 75.6 అడుగుల తర్వాత అంత నీరు మళ్ళీ అప్పుడే చూశాం. భద్రాచలం వంతెన మీద రాకపోకలు ఆపేశారు. మన రాష్ట్రానికి జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్డీఆర్ఎఫ్) పదో బెటాలియన్ ఉన్నది కృష్ణా జిల్లా కొండపావులూరులో. వాళ్ళు ప్రాణాలకు తెగించే మనుషులు, వాళ్ళకు చేతులెత్తి మొక్కుతాను. కానీ దారి మునిగాక మా దాకా వాళ్ళయినా ఎలా వస్తారు? ఊళ్ళో ఉన్న బండే దిక్కు.

ఆ జులైలో ఒక రాత్రి మా వీధి చివర ఇంటికి వెళ్ళాను. తొమ్మిదో నెల నిండిన అమ్మాయి, వాళ్ళమ్మ, పక్కింట్లో మోకాళ్ళు పట్టేసిన పెద్దమ్మ ఉన్నారు. వాన ఆగడం లేదు, కరెంటు లేదు. ట్రక్కు అడుగు నేలకు మూడడుగుల పైనే ఉంటుంది, ఎక్కడానికి మెట్టు ఉండదు. మామూలుగా మనం చక్రం మీద కాలు పెట్టి, డోరు పట్టుకుని ఎగబాకుతాం. పెద్దమ్మకు అది సాధ్యమా? నేను బురదలో వంగి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంటే ఆమె నా వీపు మీద అడుగు వేసి ఎక్కింది. ఎక్కుతూ డోరు రేకు అంచు పట్టుకుంది, అరచెయ్యి తెగింది. అమ్మాయిని నులక మంచం మీద పడుకోబెట్టి నలుగురం ఎత్తి లోపల పెట్టాం. తడిసిన ఇనుప అడుగు మీద మంచం నిలిస్తేనా? నేను క్లచ్చు వదిలిన ప్రతిసారీ వెనక్కి జారేది. వాళ్ళమ్మ కింద కూర్చుని, మంచం కోడు రెండు చేతులా కావలించుకుని, గుట్ట దాకా అలాగే వచ్చింది. బిడ్డా తల్లీ క్షేమంగా ఉన్నారు. కానీ ఒక్క నిచ్చెన, రెండు కొక్కేలు, ఒక మోకు ముందే ఉండి ఉంటే ఆ రాత్రి అలా గడిచేది కాదు. అప్పటినుంచీ నాకు ఇదే ఆలోచన.

వేరే వాహనాలు లేవా అని మీరు అడగవచ్చు. 108 బండి లోతు నీళ్ళలోకి దిగితే ఇంజన్ గాలి పీల్చుకునే గొట్టంలోకి నీరు పోవచ్చు, సిలిండర్లో నీరు చేరితే లోపలి కనెక్టింగ్ రాడ్లు వంగిపోవచ్చు. ఆటోలూ వ్యాన్లూ అంతే. తేలికపాటి కారును అడుగు నీరు లేపేస్తుంది, పారే నీరు రెండడుగులుంటే చాలా వాహనాలను పక్కకు లాక్కుపోతుంది. పడవ మంచిదే, నిండా నీళ్ళు ఉన్నచోట దానికి మించింది లేదు. కానీ మా వీధుల్లో ఒకచోట నడుం లోతు, నాలుగు బారలు పోతే పాదాలు తడిసేంత, మధ్యలో కంచెలు, తీగలు. పడవ అక్కడ నేలకు తగులుతుంది. 2025లో పంజాబ్ వరదల్లో సైన్యం నేల మీదా నీళ్ళలోనూ నడిచే ఏటీఓఆర్ బండ్లను దించింది. మండలానికొకటి అలాంటిది ఇవ్వమని నేను అడగడం లేదు. ఉన్న ట్రాక్టర్నే మనుషుల్ని ఎక్కించడానికి తగినట్టు చేయమంటున్నాను.

2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాశ్ నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోతే ఒక జేసీబీ డ్రైవరు తెగించి వెళ్ళి తీసుకొచ్చాడు. అవే రోజుల్లో బుడమేరు వరదలో విజయవాడ సింగ్ నగర్ జనాన్ని బయటికి తెచ్చింది పడవలతో పాటు ట్రాక్టర్లు, జేసీబీలే. ఆ తెగువ మా ఊళ్ళల్లోనూ ఉంది. కానీ ప్రతిసారీ ఎవరో ఒకరి తెగువ మీదే ఊరు ఆధారపడకూడదు కదా.

ముందు బండ్ల ఎంపిక సంగతి చెబుతాను. ఊళ్ళో ఉన్న ట్రాక్టర్లన్నీ దీనికి పనికిరావు. సైలెన్సరు పైకి నిలువుగా ఉండాలి, గాలి లోపలికి పోయే గొట్టం బానెట్టుకు పైనే ఉండాలి. వెనక టైర్ల గళ్ళు అరిగిపోయి ఉంటే బురదలో అవి ఉన్నచోటే తిరుగుతాయి తప్ప బండి కదలదు. నాలుగు చక్రాలూ లాగే బండి ఉంటే దానికే మొదటి స్థానం ఇవ్వాలి. బ్యాటరీ, సెల్ఫ్ మోటారు దెబ్బతిన్న బండిని ఎంత కొత్తదైనా జాబితాలో రాయకూడదు, ఎందుకంటే నీళ్ళ మధ్యలో ఆగితే దాన్ని తోసి స్టార్ట్ చేసేవాళ్ళు ఉండరు.

ట్రక్కు విషయంలో అధికారులు నాలుగు చక్రాలదే మేలనుకుంటారు, నిలకడగా ఉంటుంది కాబట్టి. నా అనుభవం వేరు. మా సందుల్లో బండి తిప్పే జాగా ఉండదు, ఎదురుగా నీళ్ళు లోతుగా ఉంటే వెనక్కే రావాలి. నాలుగు చక్రాల ట్రక్కును చీకట్లో వెనక్కి తీయడం నాలాంటి పాత డ్రైవర్లకే చెమటలు పట్టిస్తుంది. రెండు చక్రాలది చెప్పినట్టు వింటుంది. పైగా దాని బరువు కొంత ట్రాక్టరు వెనక టైర్ల మీద పడి పట్టు దొరుకుతుంది. అయితే ఒక్క జాగ్రత్త ఉంది. జనం గబగబా ఎక్కి వెనక డోరు దగ్గరే గుంపుగా నిలబడితే ట్రక్కు వెనక్కి వాలి ముందు కొక్కెం పైకి లేస్తుంది, టైర్ల పట్టు పోతుంది. మొదట ఎక్కినవాళ్ళు ముందుకు పోయి కూర్చోవాలి, దిగేటప్పుడు వెనక ఉన్నవాళ్ళు ముందు దిగాలి. ఇది చెప్పే మనిషి ఒకరు ప్రతి ట్రక్కు దగ్గరా ఉండాలి. డ్రైవరు స్టీరింగు వదిలి వచ్చి ఇదంతా చూడలేడు.

పోయిన వేసవిలో నా ట్రక్కుకు నేనే కొన్ని అమర్చుకున్నాను. కూనవరంలో వెల్డింగ్ చేసే కుర్రాడితో మూడు మెట్ల ఇనుప నిచ్చెన చేయించాను. మెట్ల మీద పాత టైరు ముక్కలు బిగించాం, తడిలోనూ కాలు జారదు. డోరుకు తగిలించే కొక్కేలున్నాయి కాబట్టి పని అయ్యాక తీసి లోపల పెట్టుకోవచ్చు. పక్క డోర్ల పైన నడుం ఎత్తుకు పైపు వేయించాను, పట్టుకోవడానికి. రేకు అంచులకు పాత రబ్బరు పైపును నిలువునా చీల్చి తొడిగించాను. పెద్దమ్మ చెయ్యి తెగింది అక్కడే. అడుగున నాలుగు మూలలా రింగులు వెల్డ్ చేయించాను, మంచాన్ని మోకుతో కట్టడానికి. పైన టార్పాలిన్ నిలబడడానికి వంపు కమ్ములున్నాయి. మిగతావి నా శక్తికి మించినవి: పిల్లల కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్లు, ట్రక్కు వెనక్కి వెలుగు పడే పెద్ద లైటు, లాగడానికి గొలుసు, మూత గట్టిగా ఉన్న డీజిల్ క్యాన్లు, ప్రథమ చికిత్స పెట్టె. లైఫ్ జాకెట్లు మా దగ్గర లేకపోతే ఖాళీ నూనె క్యాన్లు మూత బిగించి పిల్లల నడుముకు కడతాం. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగిన తర్వాత మా ఊళ్ళో ఏ తల్లీ ఆ క్యాన్లు లేకుండా పిల్లల్ని ఎక్కించడం లేదు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. ట్రాక్టరు ఎక్కడికి పోకూడదో రాసి పెట్టండి. ఎగపోటు నీరు ఊళ్ళో నిలిచిన నీరు, అందులో వెనక చక్రం ఇరుసు మునిగేదాకా, అంటే దాదాపు రెండడుగుల దాకా, నేను నడుపుతాను. కానీ వాగు మీద పారే నీరు వేరు. వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగింతలవుతుంది. కింద కల్వర్టు ఉందో కొట్టుకుపోయిందో పైనుంచి కనబడదు. పారే నీరు మోకాలు దాటితే ట్రక్కులో జనం ఉన్నా లేకపోయినా బండి దించకూడదని నా నియమం. ఈ నియమం నా ఒక్కడిదై ఉంటే చాలదు. ఏడ్చే మనుషుల ముందు, ఒత్తిడి చేసే అధికారి ముందు డ్రైవరు ‘రాను’ అనలేడు. ప్రతి కల్వర్టు దగ్గరా అడుగుల గుర్తులు వేసిన స్తంభం పాతించి, ఎరుపు గీత దాటితే బండి ఆపేయాలని కలెక్టరు ఉత్తర్వు ఉంటే ఆ మాట డ్రైవరు చెప్పనక్కర్లేదు, గీతే చెబుతుంది.

చట్టం సంగతి కూడా మీ దృష్టికి తెస్తున్నాను. మామూలు రోజుల్లో ట్రక్కులో మనుషుల్ని ఎక్కించడం తప్పు, వ్యవసాయ ట్రాక్టరు ఇన్సూరెన్సు వాళ్ళకు వర్తించదు. వరద రాత్రి ఫోన్ చేసి ‘బండి పట్టుకుని రా’ అంటారు, చేతికి కాగితం రాదు. అలా వెళ్ళిన మా ఊరి రైతు బండి గేరుపెట్టెలోకి నీరు పోయింది, ఆయిలు మజ్జిగలా తెల్లగా మారింది, బాగు చేయించుకోవడానికి అతను అప్పు చేశాడు. అద్దె బిల్లు కోసం తిరిగి తిరిగి చివరికి వదిలేశాడు. ఆ కార్యాలయం ఏదో ఇక్కడ రాయను, ఎవరినో నిలదీయడానికి ఈ ఉత్తరం కాదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం 65వ సెక్షన్ కింద వాహనాలను తీసుకునే అధికారం ప్రభుత్వానికి ఉంది, 66వ సెక్షన్ కింద పరిహారం ఇచ్చే బాధ్యత కూడా ఉంది. ఆ రెంటినీ మే నెలలోనే కాగితం మీద పెట్టండి. ఏ ఊరికి ఏ బండి, డ్రైవరు ఎవరు, గంటకు అద్దె ఎంత, డీజిల్ ఏ బంకులో, బండిలో ఎక్కినవాళ్ళకూ డ్రైవరుకూ బీమా ఏ పాలసీ కింద అన్నది ముందే రాసి సంతకాలు చేయించండి. అలా చేస్తే వెనకాడే రైతు ఒక్కడూ ఉండడు.

బండి ఒక్కటే చాలదు, ఎవరిని ముందు ఎక్కించాలో తెలియాలి. మంచం దిగలేనివాళ్ళు, కాన్పు తేదీ దగ్గరపడ్డవాళ్ళు, చూపు లేనివాళ్ళు ఏ ఇంట్లో ఉన్నారో ఆశా కార్యకర్తలకు నోటికి వచ్చు. ఆ జాబితా డ్రైవరు జేబులో ఉండాలి. మొదటి హెచ్చరికకే వాళ్ళ ట్రిప్పు కదలాలి, మిగిలినవాళ్ళం కాళ్ళతో నడిచి అయినా వస్తాం. పశువులకు వేరే ట్రిప్పు ఉంటుందని ముందే చెప్పండి. ఆవును వదిలి రాలేక ఆగిపోయిన ఇళ్ళు నాకు తెలుసు, వాళ్ళను మొండివాళ్ళని అనకండి.

మృగశిర కార్తె లోపు మా మండలంలో ఒక్క రోజు అధికారులను పంపండి. ట్రాక్టర్లను వరసగా నిలబెడతాం. నా నిచ్చెన కొలతలు కాగితం మీద గీసి ఉంచాను: మెట్టుకూ మెట్టుకూ మధ్య తొమ్మిది అంగుళాలు, వెడల్పు అడుగున్నర. వెల్డింగ్ కుర్రాడు మిగతా నాలుగు బండ్లకూ చేస్తానన్నాడు, ఇనుము మాత్రం ఇప్పించండి. మా పెద్దమ్మ మొన్న ఆ నిచ్చెన ఎక్కి చూసింది. పైపు పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా ఎక్కింది.

ఇట్లు,
శబరి ఒడ్డు ట్రాక్టరు రైతు